బుజ్జి సంచిలో గుండె మాత్ర

బుజ్జీ,

మీ అమ్మమ్మ వేయి దీవెనలు. ఇక్కడ అందరూ బాగున్నారు, నేను తప్ప.

మొన్న నువ్వు వచ్చినప్పుడు ఊడిన గుండీ కుడదామని సూది కోసం నీ చేతిసంచి వెతికాను. సూది దొరకలేదు, ఆస్పిరిన్ అట్ట దొరికింది. గుండెపోటు వచ్చాక మీ తాతయ్యకు రోజూ వేసింది నేనే, ఆ మాత్ర నాకు తెలియదా? నాలుగో నెల కడుపుతో గుండెజబ్బు దాచుకుని లైబ్రరీలో నిచ్చెనలు ఎక్కుతున్నావా తల్లీ? నిజం చెప్పు. నాకు ముద్ద దిగడం లేదు.

నీ అమ్మమ్మ

తా.క.: మీ ఆయనకూ రాశాను, నీకు చెప్పొద్దని. చెప్పాడేమో రాయి.

*

అమ్మమ్మకు నమస్కారాలు.

చెప్పలేదు. ఆయన నన్ను ఎత్తుకుని మూడంతస్తులు ఎక్కించాడు. వాచీలు బాగుచేసే మనిషి, స్క్రూడ్రైవరు కంటే బరువైనది ఎత్తి ఎరగడు. నడుము పట్టేసి మంచమెక్కాడు.

నా గుండె నిక్షేపంలా ఉంది. ఆ మాత్ర బీపీ కోసం. నాకు ముప్ఫై ఆరేళ్లు, ఇది తొలిచూలు, పైగా నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మకు బీపీ పెరిగి నెల ముందే కాన్పు చేశారు. ఇలాంటివాళ్లకు మూడో నెల దాటాక చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తే బిడ్డను పోషించే మాయకు రక్తం బాగా అందుతుందట. బీపీ ఎక్కి తల్లీబిడ్డలకు ప్రాణం మీదకొచ్చే ప్రమాదం తగ్గుతుందట. తనను అడక్కుండా మానొద్దంది డాక్టరమ్మ.

నీ బుజ్జి

తా.క.: మాత్ర నాకు, మాలిష్ ఆయనకు.

*

బుజ్జీ, దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అమ్మకు బీపీనా? నువ్వు తొందరపడి పుట్టావని ముప్ఫై ఆరేళ్లు నన్ను నమ్మించారు! వంటింట్లో నిలదీశాను. "నీకు చెబితే నీ కంగారుకే నాకింకాస్త పెరిగేది" అంది, గరిటె కూడా దించకుండా. మాటలు మానేశాను.

ఇంత మంచి మాత్రని తెలిశాక ఊరుకుంటానా? కింది వాటా టీచరమ్మకు కడుపు కనబడుతోంది. తాతయ్య పెట్టెలో మిగిలిన అట్ట ఆవిడకు ఇచ్చేశాను.

అమ్మమ్మ

తా.క.: తాతయ్య పోయి తొమ్మిదేళ్లు. మాత్రలు పాడవుతాయంటావా?

*

అమ్మమ్మా,

ముందు ఆ అట్ట వెనక్కి తెచ్చెయ్, తరవాత ఉత్తరం చదువు!

అది అందరికీ ఇచ్చే మందు కాదు, కొందరికి పడదు. ఎవరికి కావాలో, ఎంత కావాలో డాక్టరే చూసి చెప్పాలి. నాకు నెలనెలా బీపీ చూస్తున్నారు, బాగుంది. అమ్మతో మాట్లాడు.

బుజ్జి

తా.క.: నీ కాన్పులో నీకేమైనా వచ్చిందా అని డాక్టరమ్మ అడుగుతోంది. ఏమీ లేదని చెప్పనా?

*

బుజ్జీ,

అట్ట తెచ్చేశాను. టీచరమ్మ వేసుకోలేదు. ఆవిడకు కడుపు లేదట, ఒళ్లు చేసిందంతే. మెట్ల మీద ఎదురైతే నేనే తల తిప్పుకుంటున్నాను.

ఏమీ లేదని మాత్రం చెప్పకు. మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు నాకు మొహం వాచింది, కళ్లముందు మెరుపులు. అప్పట్లో బీపీ చూసిందెవరు? ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ వట్టి కంగారు మనిషి మరి. ఇదంతా డాక్టరమ్మకు చెప్పు. మాత్ర ఒక్కపూట కూడా మానకు. మన ఇంట్లో ఆడవాళ్లలో ఉన్నదున్నట్టు చెప్పింది నువ్వొక్కదానివే, అదీ సంచి వెతికితే.

నీ అమ్మమ్మ

తా.క.: ఇది మీ అమ్మకు చెప్పకు, కంగారుపడుతుంది.

తా.క. కింద తా.క.: నేను, అమ్మను. కవరు అంటించమని నాకే ఇచ్చింది. చదివి, ఆవిణ్ణి లాక్కెళ్లాను, ఇద్దరం బీపీ చూపించుకున్నాం. నాకు ఎక్కువుందని బీపీ మాత్ర రాశారు. మనందరికీ బీపీ తెప్పించే మహాతల్లిది మాత్రం నూట ఇరవై, ఎనభై!