కొమ్మకు తగిలించిన క్యారేజీలు

మార్చి 9, ఆదివారం

ఈ నెల 28 లోగా బెంగళూరు కంపెనీకి అవునో కాదో చెప్పాలి. మా ఇంట్లో ఆ ఆఫర్ లెటర్ చదవగలిగేది నేనొక్కదాన్నే. సలహా అడగడానికి ఎవరూ లేరు. అందుకే రాసి చూసుకుంటున్నాను.

గ్రౌండ్ అటాక్ విమానం. అందులో రెక్కకు స్ట్రెస్ అనాలిసిస్, అంటే రెక్క ఎంత బరువు, ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో లెక్కగట్టే ఉద్యోగం. కాలేజీలో మా ఏరోనాటికల్ బ్రాంచి నుంచి నన్నొక్కదాన్నే తీసుకున్నారు. రూమ్మేట్ అక్షయ ట్రీట్ ఎప్పుడే అంటూ దుప్పటి లాగేసింది.

మార్చి 10

ఆ విమానం నాకిష్టం. దానికి వేగం గొప్ప కాదు. మన సైనికులు ఇరుక్కున్న చోటికి తక్కువ ఎత్తులో వచ్చి, ఎదుటివాళ్ళ ట్యాంకుల్ని, బంకర్లని కొట్టాలి. అందుకే రెక్కలు వెనక్కి వాలవు, తిన్నగా, వెడల్పుగా ఉంటాయి. నెమ్మదిగా ఎగిరినా పడిపోదు, చిన్న జాగాలో తిరుగుతుంది. కింద నుంచి కాలుస్తారు కాబట్టి పైలట్ చుట్టూ తొట్టిలా టైటానియం కవచం. రెండు ఇంజన్లు దూరదూరంగా. ఒకటి పోయినా రెండోది ఇంటికి చేరుస్తుంది.

దెబ్బ తగులుతుందని ముందే ఒప్పుకుని గీసిన డిజైన్. అది నాకు నచ్చుతుంది.

మార్చి 15, రెడ్డిగూడెం

ఇంటికొచ్చాను. అమ్మ మామిడి పిందెలకు కవర్లు తొడిగే పనికి వెళ్తోంది. విమానం సంగతి చెప్పాను. మనోళ్ళూ వాళ్ళూ అంత దగ్గర్లో ఉంటే, పైన తిరిగేవాడికి ఎవరు ఎవరో ఎట్టా తెలుస్తదే అంది. కిందున్న మనవాళ్ళు రేడియోలో చెప్తారన్నాను. సరేలే, జీతం మంచిదేగా, చేరిపో అంది.

మార్చి 16

చర్చి బయట సుసన్నా పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. బాంబులేసే విమానం చేస్తావంటగా, మొదటిది మా కోడలి మీద ఎయ్యి అంది. కోడలు పక్కనే ఉంది.

మార్చి 19, సాయంత్రం, నూజివీడు ఆసుపత్రి

అమ్మ కళ్ళలో పురుగుమందు పడింది.

మా వైపు ఆడవాళ్ళు చెట్ల కింద ఉంటే అన్నం క్యారేజీలు బయటి కొమ్మకు తగిలిస్తారు. మందు కొట్టే ట్రాక్టరతను అవి చూసి ఆ వరుస వదిలేస్తాడు. ఎప్పటినుంచో ఉన్న ఒప్పందం. ఈరోజు రైతు ట్రాక్టర్ బదులు డ్రోన్ పిలిపించాడు. ఆడవాళ్ళకు ఆ సంగతి తెలుసు. చప్పుడు కూడా విన్నారు. క్యారేజీలు తగిలించాంగా అని చెట్ల కిందే పని చేసుకుంటూ ఉండిపోయారు.

క్యారేజీలు ఆకుల కింద. డ్రోన్ ఆకుల పైన.

డ్రోన్ నడిపిన దుర్గాప్రసాదే అమ్మని బండి మీద తీసుకొచ్చాడు. స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉందండీ, ఒక్క మనిషీ కనపళ్ళేదండీ అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. అతన్ని తిట్టలేకపోయాను.

మార్చి 20

కుడి కన్ను బాగుంది. ఎడమ కన్ను సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. అమ్మ మాత్రం తన వరుసలో కవర్లు ఎవరు తొడుగుతున్నారని అడిగింది.

మార్చి 22, హాస్టల్

ఇలాంటి విమానం మీదే నేను రాసిన ఫైనలియర్ ప్రాజెక్ట్ రిపోర్ట్ తెరిచాను. పైనున్న ఒక్కడిని కాపాడటానికి పేజీలకు పేజీలు రాశాను. కిందున్న మనవాళ్ళకు ఒక్క పేరా.

అక్షయకు చెప్పాను. నీది రెక్క, రెక్క చూసుకో, మిగతాది ఇంకెవరో చూస్తారు అంది. డ్రోన్‌కి రెక్కలు చేసినవాళ్ళూ అలాగే అనుకుని ఉంటారు.

అమ్మకి ఫోన్ చేశాను. నా కన్ను పేరు చెప్పి ఉద్యోగం వదిలేశావంటే ఊరుకోను అంది.

మార్చి 24

కంపెనీకి పంపిన మెయిల్, తెలుగులో:

సర్, నాకు చేరాలని ఉంది. చేరేముందు ఒక ప్రశ్న. ఆకుల కింద మన మనుషులుంటే మీ పైలట్‌కి ఎలా తెలుస్తుంది? రెక్క పని బదులు ఆ పని చేసే గ్రూపులో నన్ను వేస్తారా? అలాంటి గ్రూపు లేకపోతే లేదనే రాయండి. 27 లోగా జవాబు కావాలి.