కౌంటర్‌లో నవ్వు ముఖం

సోమవారం, సాయంత్రం

ట్రైనింగ్ మొదలైంది! లైబ్రరీలో పనిచేసే వాళ్ళందరికీ, శనివారం దాకా. ఒక సంచి ఇచ్చారు. అందులో నోట్‌బుక్కు, పెన్ను, మెడలో వేసుకునే బిళ్ళ. "రోజూ నేర్చుకున్నది మీ మాటల్లో రాయండి" అంది ట్రైనింగ్ మేడమ్. ఐదో క్లాసులో బడి మానేసిన దాన్ని. నన్ను రాయమన్న మొదటి మనిషి ఆవిడే. రాస్తున్నాను.

ఈ రోజు నేర్చుకున్నది: నవ్వాలి.

అంతే. రోజంతా అదే. జనం లైబ్రరీకి రాకపోవడానికి కారణం మనం నవ్వకపోవడమట. పైకప్పు కారడం కాదు. ఫ్యాను తిరగకపోవడం కాదు. కొత్త పుస్తకం మొహం చూసి ఏళ్ళు గడవడం కాదు. నా మొహం!

అందరం పళ్ళ మధ్య పెన్సిల్ అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాం. అలా పెడితే నవ్వు దానంతట అదే వస్తుందట. చిరిగిన పుస్తకాలు కుట్టే బైండింగ్ వదిన పెన్సిల్‌ను పటుక్కున కొరికేసింది. ఇంకోటి ఇచ్చారు.

కౌంటర్‌లో కూర్చునే వాళ్ళకు నియమాలు:
నవ్వు ముఖం.
ఏడుపు, కోపం ఇంటి దగ్గరే వదిలి రావాలి.
పుస్తకాల కోసం వచ్చిన వాళ్ళతో సొంత విషయాలు మాట్లాడకూడదు.

శనివారం పరీక్ష. తప్పితే కింద పాత పుస్తకాల గోదాంలోకి పంపిస్తారు.

నేను గోదాంలోకి పోను. ఆ కౌంటర్ మావాడిది, నా కొడుకుది. వాడు కూర్చున్న కుర్చీ అది. పోయిన వానాకాలం లారీ గుద్ది వాడు పోతే, ఇంట్లో ఒకరికి ఉద్యోగమని నన్ను తెచ్చి అందులో కూర్చోబెట్టారు. అక్కడైతే రోజుకు ఒక్కరైనా వాడి గురించి ఏదో ఒకటి అంటారు. ఇంట్లో ఎవ్వరూ వాడి మాట ఎత్తరు. మా ఆయన వాడి చెప్పులు కూడా ఎక్కడో దాచేశాడు. గోదాంలో నాతో ఎవరు మాట్లాడతారు, చెదపురుగులా?

కాబట్టి తీర్మానం. శనివారం దాకా నవ్వుతాను. ఏడవను. వాడి మాట నా అంతట నేను ఎత్తను. సర్టిఫికెట్ తెచ్చుకుంటాను!

మంగళవారం

పొద్దున్నే అద్దం ముందు నవ్వాను. మా ఆయన చూసి, "పన్ను నొప్పా?" అన్నాడు.

కౌంటర్‌లో చెప్పాల్సిన మాట నేర్పారు. "నమస్కారం, మీకు ఏ విధంగా సాయపడగలను?" పొద్దున వచ్చిన మొదటి మనిషికే నవ్వుతూ గడగడా అప్పజెప్పాను.

"నేనే అక్కా, తాళాలిటియ్యి" అన్నాడు వాచ్‌మన్.

పర్లేదు. ఒక్క మాట కూడా తప్పు పోలేదు.

బుధవారం

కాలేజీ పిల్ల ఒకతి వచ్చింది. పుస్తకం తిప్పి చూసి, "అట్ట ఎంత నీట్‌గా వేశారో" అంది. అది వేసింది మావాడే అని చెప్పాను. ఏ కాగితం కావాలని ఎంత వెతికాడో కూడా చెప్పాను. ఇది సొంత విషయం కిందికి రాదు. పుస్తకం గురించిన సమాచారం. సమాచారం ఇవ్వాలని మేడమే చెప్పింది.

మధ్యాహ్నం "ఒత్తిడి తగ్గించుకోవడం" క్లాసు. కళ్ళు మూసుకుని గాలి పీల్చమన్నారు. అన్నం తిన్న వెంటనే! అందరం నిద్రపోయాం. వాచ్‌మన్ గురక పెట్టాడు. మేడమ్ ఎంతో మెచ్చుకుంది, ఇంత బాగా చేసిన బ్యాచ్‌ను చూడలేదట.

గురువారం

ఏడవలేదు. జరిగింది రాస్తాను.

"మీ జీవితంలో సంతోషంగా గడిచిన రోజు గుర్తు తెచ్చుకోండి. ఆ నవ్వును కౌంటర్‌కు తీసుకురండి" అంది మేడమ్. తెచ్చుకున్నాను. మావాడు ఉద్యోగంలో చేరిన రోజు చూద్దామని వచ్చాను. ఆ కుర్చీలో గిర్రున తిరుగుతున్నాడు, ఇంత మనిషి! "అమ్మా, ఇది తిరుగుతుందే!" అన్నాడు.

కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే కారాయి. నేను ఏడవడం వేరు.

"ఏమైందమ్మా?" అంది మేడమ్.

"పెన్సిల్ గుచ్చుకుంది మేడమ్" అంది బైండింగ్ వదిన టక్కున.

ఆ క్లాసులో పెన్సిళ్ళే లేవు. మేడమ్ రాసుకుంది, రేపటి నుంచి మెత్తటి పెన్సిళ్ళు తేవాలని.

శుక్రవారం

రేపటి పరీక్ష ఎలాగో చెప్పారు. ఎవరో తెలియని మనిషి మామూలుగా పుస్తకానికి వచ్చినట్టు వస్తాడట. మనల్ని కదిలించడానికి ఏదైనా అడుగుతాడట. కదలకూడదు.

ఏదైనా అంటే ఏం అడుగుతాడో నాకు తెలుసు. అడగనీ.

శనివారం

అయిపోయింది.

పదకొండింటికి ఒక పెద్దాయన వచ్చాడు. నల్ల కళ్ళజోడు, చేతికర్ర. ఎప్పుడూ చూడలేదు. వీడే, అనుకున్నాను.

"ఆ అబ్బాయి లేడా అమ్మా?"

అనుకున్నంతా అయింది! బాగా నవ్వాను.

"నమస్కారం. ఆ ఉద్యోగి ప్రస్తుతం ఇక్కడ లేరు సార్. మీకు ఏ విధంగా సాయపడగలను?"

"వేరే ఉద్యోగం వచ్చిందా?"

నేను ఇంకా నవ్వాను. పళ్ళన్నీ కనపడేలా.

"అప్పుడే అనుకున్నా, ఇక్కడ ఉండేవాడు కాదని. చాలా సంతోషం! కనపడితే నేను అడిగానని చెప్పమ్మా" అని కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను బైండింగ్ వదిన వైపు తిరిగాను. "పాసయ్యానా?"

ఆవిడ మొహం పాలిపోయింది. "పాసేంటి వదినా? ఆయన లెక్కల మాస్టారు. కళ్ళ ఆపరేషన్‌కని కూతురి దగ్గరకు వెళ్ళి, చూపు రాక ఇన్నాళ్ళకు తిరిగి వచ్చాడు. మీవాడే రోజూ ఆయనకు పేపరు చదివిపెట్టేవాడు."

చెప్పులు వేసుకోలేదు. బస్టాపు దాకా పరిగెత్తాను.

"మాస్టారూ! వాడికి ఏ ఉద్యోగమూ రాలేదండీ. లారీ గుద్దింది. వాడు చచ్చిపోయాడు. నేను వాడి అమ్మను."

ఆయన బెంచీ తడుముకుని కూర్చున్నాడు. ఆయన ఎక్కాల్సిన బస్సు వచ్చింది, పోయింది.

అప్పుడు అన్నాడు. "పేపర్లో చావు వార్త వస్తే చదివేవాడు కాదమ్మా. దాటేసి ఆటల పేజీకి పోయేవాడు. కళ్ళు లేకపోతే మాత్రం, పేజీ తిప్పిన చప్పుడు వినపడదా? ఏరా అంటే, ఈ రోజు ఎవరూ పోలేదు మాస్టారూ అనేవాడు."

నేనూ బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"నేను విసుక్కుంటే మీ గొంతు పెట్టి తిట్టేవాడు కూడా."

"నా గొంతా? ఎట్లా?"

ఆయన గొంతు సన్నం చేశాడు. "ఒరేయ్, అన్నం చల్లారిపోతోంది! దొరవారికి మేళతాళాలతో పిలుపు కావాలా!"

అచ్చం నేనే. నడిరోడ్డు మీద నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో ట్రైనింగ్‌లో చెప్పలేదు.

నేను లేనప్పుడే అసలు పరీక్ష మనిషి వచ్చాడట. రాసి వెళ్ళాడు: "కౌంటర్‌లో ఎవరూ లేరు. కుర్చీ మాత్రం ఉంది."

ఆదివారం

లైబ్రేరియన్ సారును అడిగాను, గోదాంలోకి ఎప్పుడు పొమ్మంటారని.

"ఎక్కడికి పోతావమ్మా? అందరూ తప్పారు. బైండింగ్ ఆవిడ ఆ పరీక్షాయన్ని కార్డు చూపించమని గదమాయించిందట. అందరినీ గోదాంలోకి పంపితే తలుపు మూసుకోదు. వచ్చే నెల ఇంకో బ్యాచ్ ఉంది. అప్పటిదాకా అక్కడే కూర్చో."

వచ్చే నెల! ఈసారి వదలను.

మళ్ళీ తీర్మానం. రేపటి నుంచి నవ్వు ముఖం. ఏడుపు లేదు. వాడి మాట ఎత్తను.

రేపు మాస్టారు వస్తానన్నారు. పేపరు నేనే చదివిపెట్టాలి. కూడబలుక్కుంటూ చదివినా ఫర్వాలేదట, ఆయనకు తొందరేమీ లేదట. చదువుతూ వాడి మాట రాకుండా ఎట్లా ఉంటుంది?

సరే, ఎల్లుండి నుంచి.

ఎల్లుండి వాణ్ణి ఎరిగినవాళ్ళు ఎవరెవరు వస్తారో బైండింగ్ వదినను అడగాలి.