పొగగొట్టం

ధర్మవరం,
డిసెంబరు 1983

ప్రియమైన నాయనకు,

నీ కూతురు హజరా సలాములు. ఇక్కడ అందరం బాగున్నాము. పాప పాలు బాగా తాగుతోంది. బాగాలేనిది ఒక్కటే, స్నానాల నీళ్లు కాచుకోను నా పెళ్లికి నువ్వు చేసిచ్చిన రాగి బాయిలర్. నిన్న పొద్దున దాని అడుగున అతుకు చుట్టూ ఒకేసారి ఊడిపోయింది. పోసిన నీళ్లు పోసినట్టే కారిపోతున్నాయి. ఎట్లా జరిగిందో ఏమో!

నాయనా, మనసులో మాట ఒకటి చెప్తాను, కోప్పడొద్దు. పోయిన రంజానుకు నువ్వొచ్చినప్పుడు మీ అల్లుడు "ఏం మామా, ఇల్లంతా పొగే. కరెంటు రాడ్డు తెచ్చుకుంటే ఈ డబ్బాతో పనేముండాది?" అన్నాడు. నువ్వు సగం తిన్న పళ్లెంలోనే చెయ్యి కడిగి లేచిపోయావు. ఆయన అన్నది తప్పే. కానీ ఆ పొగకు నా కళ్లు మండేది కూడా నిజమే కదా! కాన్పుకు అమ్మను రైలెక్కించి, నువ్వు స్టేషన్ నుంచే వెనక్కి పోయావని విని, బాలింతనని కూడా చూసుకోకుండా ఏడ్చాను. మనవరాలు నీకేం పాపం చేసింది?

ఈయన రాడ్డు కొంటానని కాచుకొని ఉన్నాడు. నీ పని మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వడం నాకిష్టం లేదు. నువ్వే వచ్చి అతుకు వేసిపో. ఆయనతో మాట్లాడకపోయినా సరే.

నీ బిడ్డ,
హజరాబీ


హిందూపురం

నా తల్లి హజరాకు,

నాయన దీవెనలు. నీ ఉత్తరం చదివి మొదట అల్లుడి మీద పళ్లు కొరికాను. మళ్లీ చదివాను. నా పనిలో తప్పుంటే అతుకు ఒక పక్కన చిట్లుతుంది. చుట్టూ ఒకేసారి ఊడిందంటే, నీళ్లు పోయకుండా నిప్పు పెట్టారన్నమాట. అల్లుడా, ఆ డబ్బా జోలికే పోడు. నువ్వా, చిన్నప్పుడే మన అంగడికి వచ్చినవాళ్లందరికీ "ముందర నీళ్లు, ఆనక నిప్పు" అని పాఠం చెప్పినదానివి. మరిచిపోయేదానివేనా?

నాలో నేనే నవ్వుకుంటుంటే మీ అమ్మ "ఏమయ్యా, ఇన్నాళ్లకు నవ్వుతాండావు?" అంది. సంగతి చెప్పాను. "నువ్వు మొండోడివి, అది నీ కూతురు. ఇంకెట్ల పిలుస్తాది నిన్ను?" అని నన్నే తిట్టింది.

అల్లుడి మాటకు రోషం వచ్చింది నిజమే. కానీ నీ కళ్లు మండుతాయని నువ్వే రాసినాక ఇంక రోషమేంటి? రేకుతో పొడుగు పొగగొట్టం చేశాను. కప్పు దాటి పైకి పోతుంది, పొగ ఇంట్లోకి రాదు. శుక్రవారం నమాజు అయినాక నేనూ మీ అమ్మా రైలెక్కుతాం. కప్పుకు బొక్క కొట్టాలి. నిచ్చెన అల్లుణ్నే పట్టుకోమను. వాడు పట్టుకుంటేనే నేను ఎక్కుతాను.

ఇంకెప్పుడైనా నన్ను చూడాలనిపిస్తే "రా నాయనా" అని ఒక కార్డు రాయి, చాలు. బంగారంలాంటి రాగిని కాల్చొద్దు తల్లీ.

మీ నాయన,
ఖాజాసాబ్