గడప దాటిన విత్తనం

విడపనకల్లు పక్క పల్లె నుంచి

నాయనకూ అమ్మకూ అనిత దండాలు పెట్టి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందో లేదో, గొర్రెలకు మేత దొరుకుతోందో లేదో రోజూ అనుకుంటూనే ఉంటాను. ఫోన్ చేస్తే "బాగుండావు కదా, సరేలే" అని పెట్టేస్తావు నాయనా. ఈ సంగతి రెండు మాటల్లో అయ్యేది కాదు. పైగా ఇది అమ్మ సంగతి కూడా. అందుకే ఉత్తరం రాస్తున్నాను, కోపం వచ్చినా చివరిదాకా చదువు.

బీఈడీ కాలేజీ వాళ్ళు పాఠం చెప్పడం నేర్చుకోమని నన్ను ఈ ఊరి హైస్కూలుకు పంపారు కదా. చుట్టుపక్కల నల్లరేగడే ఎక్కువ, ఈ ఊరి పైవైపు మాత్రం మన ఎర్రనేలే. గాలి అంటే గాలి కాదు, ఆరేసిన చున్నీ పక్కింటి కంపలో దొరుకుతుంది. రోజూ జొన్నరొట్టె. బాగానే ఉంటుంది గానీ రాగిముద్ద లేక కడుపు నిండినట్టుండదు. గదిలో నాతో ధర్మవరం మగ్గం వాళ్ళ అమ్మాయి ఉంది, మంచి పిల్ల. సాయంత్రం గొర్రెలు ఇంటిదారి పట్టే వేళకు మాత్రం మీరు గుర్తొచ్చి ఏడుపు వస్తుంది. దిగులు పడొద్దు, బాగానే ఉన్నాను.

ఎనిమిదో తరగతికి విత్తనం మొలకెత్తడం గురించి పాఠం చెప్పాలి. రంగుల పటం గీసి పిండం, బీజదళాలు అని పేర్లు రాశాను. ఇక్కడి సైన్సు మేడమ్ చూసి, "పటం చాలదు, పిల్లల చేత చేయించు" అంది. సరేనని ఇంట్లో ఉన్న శనక్కాయ విత్తనం తలా గుప్పెడు తెమ్మన్నాను. ఎవరి విత్తనం వాళ్ళ గుడ్డలో తడిపి కట్టి, పేర్లు రాసి, గోనెసంచి కింద పెట్టాం.

విప్పే రోజున మా కాలేజీ సారు నా పాఠం చూడడానికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. అందరి మూటల్లోనూ తెల్లగా మొలకలు. శిరీష అనే పిల్ల మూట విప్పితే బూజు వాసన. గింజలు ఉబ్బి జిగురుగా ఉన్నాయి, ఒక్క మొలకా లేదు. పిల్లలు నవ్వారు. "మాది ఎందుకు రాలేదు మేడమ్?" అంది. "జీవశక్తి కోల్పోయిన విత్తనం మొలకెత్తదు" అని పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. అందరూ రాసుకున్నారు. ఆ పిల్ల రాసుకోలేదు. "అంటే సచ్చిపోయిందా మేడమ్?" అంది. అవునన్నాను. సారు బాగా చెప్పావని మెచ్చుకుని పోయాడు.

ఆ రాత్రే వాన పడింది. మరునాడు సాయంత్రం శిరీష వాళ్ళ నాయన తిప్పేస్వామి, అమ్మ ఈరమ్మ బడికి వచ్చారు. విషయం ఏంటంటే, వాన వస్తుందని వాళ్ళు ముందే విత్తనానికి పసుపు కుంకుమ పెట్టి పూజ చేశారు. పూజ చేసింది చేనికి తప్ప గడప దాటకూడదని మన ఇంట్లో లాగే వాళ్ళకూ పట్టింపు. ఆ గంపలోంచే ఈ పిల్ల చెప్పకుండా గుప్పెడు తెచ్చింది. అది మొలవలేదని ఇంట్లో చెప్పేసరికి సంగతి బయటపడింది.

"గడప దాటిచ్చినారు, ఇత్తనం సచ్చింది!" అని ఆయన అరుస్తున్నాడు. అరుపులన్నీ పెళ్ళాం మీదే. "ఇంట్లో ఉండి ఏం చేస్తాంటివే? గంప చూసుకోవద్దా?" ఈరమ్మ తల వంచుకుని నిలబడింది.

నాయనా, నాకు అమ్మే కనిపించింది. మన చేను బోడిగా మిగిలిన ఆ ఏడు గుర్తుందా? పక్కింటామె అడిగితే పూజ చేసిన విత్తనం అమ్మ దోసెడు పెట్టింది. అందుకే మొలవలేదని అవ్వ తిట్టింది. నువ్వు కూడా "నీ చేతులారా పోగొట్టినావు" అన్నావు. అప్పటినుంచి అమ్మ విత్తనం గంప ముట్టదు. వేసే రోజు బయట నిలబడుతుంది.

నా నోరు ఆగలేదు. "అన్నా, అది గడప దాటకముందే సచ్చింది" అన్నాను.

"నీకెట్ల తెలుసమ్మా?"

"గంపలో మిగిలింది గడప దాటలేదు కదన్నా. దాన్ని ఇంట్లోనే తడిపి చూడు."

"గంపలోది బాగానే ఉంటాది. తడిపి చూస్తే దినాలు పడతాది. అందరూ ఇత్తేకి గొర్రు కట్టినారు. నేలలో తడి పదును పోతే వాన నువ్వు తెచ్చిస్తావా?"

ఏ పాఠంలోనూ దీనికి జవాబు రాసి లేదు. అప్పుడు ఈరమ్మ తలెత్తి, "నేను తడుపుతా. నా మీద పడిన మాట నేనే తేల్చుకుంటా" అంది.

దేవుళ్ళ పటాల ముందే తడిపి పెట్టింది. ఆ రోజులు నేనెట్లా గడిపానో చెప్పలేను. ఊరంతా విత్తనం వేస్తోంది, తిప్పేస్వామి గొర్రు గోడకు ఆనించి ఉంది. మొలకలు వస్తే విత్తనం బాగున్నట్టే, ఆ ఇంటి వాన నా మాటకే పోయినట్టు. "నీకెందుకమ్మా, నీ పాఠం అయిపోయింది కదా" అంది సైన్సు మేడమ్. ఆమె మంచికే చెప్పింది.

విప్పేటప్పుడు నన్నూ పిలిచారు. అదే బూజు, అదే జిగురు. గడప దాటనిదీ చచ్చే ఉంది. వేసవంతా రేకుల కింద వేడికి మూటలో మగ్గిన విత్తనమని ఆయనే చెప్పాడు. చివరికి "నీ తప్పు కాదులే" అన్నాడు పెళ్ళాంతో. ఈరమ్మ కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆయన ఆ పొద్దే బస్సెక్కి కొత్తచెరువు పోయి బావమరిది దగ్గర విత్తనం తెచ్చాడు. పదును మిగిలిన సగం చేనులో వేశాడు, మొలిచింది. తక్కిన సగం మళ్ళీ వాన కోసం బీడుగా ఉంది.

నాయనా, ఆ ఏడు మన విత్తనం కూడా వేసవంతా రేకుల కొట్టంలోనే ఉంది. అదే జరిగిందని ఇప్పుడు రుజువు చేయలేను. కానీ ఒకరి చేయి తగిలి విత్తనం చావదు. ఇది నేను ఏ తరగతిలోనైనా నిలబడి చెప్పగలను. మన ఇంట్లో మాత్రం ఇన్నేళ్ళూ చెప్పలేకపోయాను.

మనకింకా వాన పడలేదని విన్నాను. పూజకు ముందే గుప్పెడు తడిపి చూడు. వచ్చే వారం సెలవు దొరికితే వస్తాను, రాగిపిండి కొంచెం కట్టి ఉంచండి. అవ్వకు నా దండాలు చెప్పు. మీ దీవెన ఉంటే ఈ చదువు గట్టెక్కిస్తాను.

అమ్మకు చదవడం రాదు. ఈ ఉత్తరం ఆమె పక్కన కూర్చొని గట్టిగా చదివి వినిపించు. "నీ తప్పు కాదులే" అన్న మాట మాత్రం ఉత్తరంలోది చదివినట్టు కాదు, నువ్వు అన్నట్టు అను. తర్వాత విత్తనం గంప అమ్మ చేతికియ్యి.

ఇట్లు,
నీ బిడ్డ
అనిత