నాయిక కాళ్ళకి చెప్పులు

ఏమండీ,

దగ్గు తగ్గింది, బెంగ పడకండి. ఈ వారం చిత్రశాలలో నాకు ఊరెళ్ళిన భర్త కోసం గుమ్మంలో ఎదురుచూసే నాయిక బొమ్మ వెయ్యమని ఇచ్చారు. అరచేయంత కాగితం, నాలుగు వెంట్రుకల కుంచె. కళ్ళల్లో దిగులు బాగానే కుదిరింది. గురువుగారు భూతద్దం పెట్టి చూసి, "ఎదురుచూసే మనిషికి చెప్పులెందుకమ్మా? ఈవిడే ఎక్కడికో బయల్దేరేట్టుంది!" అన్నారు. అందరూ పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను. మనింట్లో ఎదురుచూసేది మీరని వాళ్ళకేం తెలుసు? చెప్పులు చెరిపేసి పట్టీలు పెట్టాను.

వంటింటి కుళాయి బాగుచేయించారా? పాప పన్ను ఊడిందా? ఇంకా ఏడు బొమ్మలున్నాయి, అంతవరకూ సెలవు లేదు. అత్తయ్యగారికి నమస్కారాలు, పాపకి ముద్దులు. గుమ్మం పక్కన వదిలొచ్చిన నా పాత చెప్పులు మాత్రం తీసెయ్యకండి.