అత్తయ్య దారంతో కొలిచిన దూరం

మంగళవారం రాత్రి, బెళ్ళందూరు

ఆఫీసులో మా టీములో పనిచేసే రమ్యను అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది. అలాస్కాలో ఒక చిన్న ఊరి విమానాశ్రయం నుంచి నార్వే ఉత్తరాన మరో చిన్న ఊరి విమానాశ్రయానికి, రమ్య రాసిన ప్రోగ్రాం దూరం నాలుగు వేల చిల్లర కిలోమీటర్లే చూపించింది. పటంలో ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. "పటం చూసి రాయొచ్చు కదా" అన్నాను. "మళ్ళీ చెక్ చేస్తానక్కా" అని తల దించుకుంది.

సాయంత్రం అత్తయ్యతో చెప్పాను. కాటన్‌పేటలో ముప్పై ఏళ్ళు దారాల అంగడి నడిపిన మనిషి. మా పాప బల్ల మీది గ్లోబు తెచ్చి, దారం కొస నన్ను అలాస్కా మీద పట్టుకోమని, రెండో కొస నార్వే దాకా బిగించి లాగింది. దారం పక్కకు పోలేదు, ఉత్తర ధ్రువం మీదుగా నేరుగా దిగింది.

"భూమి గుండ్రంగా ఉండాది కదమ్మా. పరిచిన కాగితం మీద ఎట్ల తెలుస్తాది?"

అదే దారాన్ని భూమధ్యరేఖ నుంచి ధ్రువం వైపు పెట్టింది. ఆ దూరం పదివేల కిలోమీటర్లని నేనే చెప్పాను. దారం సగం దాకా కూడా రాలేదు.

"ఆ పిల్ల లెక్క సరిగ్గానే ఉండాది."

పదో తరగతితో చదువు ఆపేసిన అత్తయ్యకు తట్టింది నాకెందుకు తట్టలేదో. మెచ్చుకుంటే వినిపించుకోలేదు. "ముందు ఆ పిల్లకి ఫోన్ చెయ్యి" అంది.

చేశాను. తన లెక్కే సరైనదని రమ్యకు చెప్పాను. తను మెల్లగా, "మీరన్నారు కదా, నాదే తప్పనుకుని మొత్తం మార్చేశానక్కా" అంది.

పాతది వెనక్కి తెచ్చుకోవచ్చు, అదేం కష్టం కాదు. రేపు మీటింగులో అందరి ముందూ ఏమని మొదలుపెట్టాలో...