దారి తప్పిన దీర్ఘం

ప్రియమైన మీకు,

తప్పులకీ, కోడి గీకినట్టున్న ఈ రాతకీ ఏమీ అనుకోకండి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, పైగా సంతోషంతో చెయ్యి నిలవడం లేదు. మీకు చెప్పలేదు గానీ రెండు వారాలుగా ఒకటే దగ్గు. ఇవాళ అత్తయ్యతో ఆసుపత్రికి వెళ్ళాను. నా దగ్గు క్షయ కదూ, డాక్టరమ్మే చెప్పారు. పోస్టు తీసే వేళయింది, మిగతాది తర్వాత రాస్తాను.

ఇట్లు, నేనే

ప్రియమైన పిచ్చుకకు,

నీ నాలుగు వరుసలూ నలభైసార్లు చదివాను. క్షయ అని రాసి సంతోషమంటావేమిటే? జ్వరం తలకెక్కిందా? ఆరు నెలలు మానకుండా మందులు వాడితే తగ్గుతుందని మా మేస్త్రీ చెప్పాడు. పోయిన నెలంతా నీ దగ్గరే ఉన్నానని నన్నూ పరీక్షకి పంపాడు. ధైర్యంగా ఉండు. నాకు మాత్రం లేదు.

నీ రాళ్ళమిల్లు మొగుడు

ప్రియమైన మీకు,

అయ్యో, చెంపలేసుకుంటున్నాను. కాదు! కాదు అని రాయబోయి, కంగారులో 'క' దీర్ఘం తీసుకెళ్ళి 'దు'కి తగిలించాను. అది కదూ అయి కూర్చుంది. అత్తయ్య "నా కొడుకు గుండె ఆగిపోయేది, ఒక్క అక్షరంతో చంపేదానివే" అని తిట్టి, తర్వాత కడుపు పట్టుకుని నవ్వారు.

నిజానికి క్షయేమోనని ఆవిడే నా గ్లాసు వేరు పెట్టారు. మర్నాడు మర్చిపోయి దాంతోనే నీళ్ళు తాగేశారు. ఇక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆసుపత్రికి బయల్దేరాం.

కఫం పరీక్షా, ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ "ఊపిరితిత్తుల్లో ఏమీ లేదమ్మా" అన్నారు. అత్తయ్య ఊరుకోలేదు. "ఏమీ లేకపోతే పిల్ల ఊపిరెలా తీస్తోంది తల్లీ?" అన్నారు. అప్పుడు డాక్టరమ్మ కాగితం మీద తలకిందుల చెట్టు గీశారు. లోపల గాలి వెళ్ళే గొట్టాలట. జలుబు తెచ్చిన వైరస్ వల్ల వాటి లోపొర వాచి, కఫం ఊరుతోందట. పేరు బ్రాంకైటిస్.

"యాంటీబయాటిక్ ఇవ్వరా?" ఆ అడిగింది నేనే. నలుగురిలో నోరు మెదపనిదాన్ని. వైరస్ మీద అది పనిచేయదట. నీళ్ళు బాగా తాగి, తేనె చప్పరించి, విశ్రాంతి తీసుకుంటే మూడు వారాల్లో చాలామందికి అదే పోతుందట. ఆయాసం వచ్చినా, కఫంలో రక్తం పడినా, జ్వరం వదలకపోయినా ఆగకుండా రమ్మన్నారు.

పాపం, మీకు పరీక్ష దండగ చేశాను.

ఇట్లు, తప్పుల తడక

ప్రియమైన పిచ్చుకకు,

దండగ కాదు. నాకూ క్షయ లేదు. కానీ డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, "దగ్గు ఎన్నాళ్ళుగా?" అన్నాడు.

"దగ్గు కాదు సార్, పొద్దున్నే గొంతు సవరించుకుంటాను."

"ఎన్నేళ్ళుగా సవరిస్తున్నావు?"

"మూడేళ్ళు."

ఆయన కలం కింద పెట్టేశాడు. ఊపిరి బలం చూసే ఊదుడు పరీక్ష కూడా చేయించాడు. నీది వచ్చిపోయే చుట్టం. నాది తిష్ట వేసింది. నువ్వు పారేసుకున్న దీర్ఘం నా దగ్గరే దొరికింది: దీర్ఘకాలిక బ్రాంకైటిస్. కోత గదిలో రాతిపొడి, దాని మీద రోజుకో పెట్టె సిగరెట్లు. పాడైనదంతా వెనక్కి రాదట, ఇక ముదరకుండా ఆపొచ్చట. పీల్చే మందు ఇచ్చాడు. సిగరెట్ మానకపోతే అదీ పనిచేయదన్నాడు. ఇంకో ఏడాది ఆగి వచ్చుంటే మెట్లెక్కలేకపోయేవాడివన్నాడు.

మేస్త్రీ నన్ను బయట క్రేను మీదికి మార్చాడు. సిగరెట్ మాని నాలుగు రోజులు. చేతులకేం పని చెప్పాలో తెలియక నీకు రాస్తున్నాను. ఐదో రోజు గడుస్తుందో లేదో.

నీ వాడే

ప్రియమైన మీకు,

గడుస్తుంది. ఆదివారం పొద్దుటి బండికి నేనొస్తున్నాను, ఒక్కదాన్నే. నా దగ్గు పూర్తిగా పోయింది. అత్తయ్యే టిక్కెట్టు తెప్పించి, "వెళ్ళి వాడి జేబులు వెతుకు, పరుపు కింద కూడా చూడు" అన్నారు. భయం లేదు. డాక్టర్ని అడగగలిగినదాన్ని, ప్లాట్‌ఫారం ఎటని అడగలేనా?

ఇంకొక్క మాట, ఎదురుగా చెప్పలేనిది. పెళ్ళైన దగ్గర్నుంచీ మీరు దగ్గరికొస్తే ఊపిరి బిగబట్టేదాన్ని. మీరది సిగ్గనుకునేవారు. సగం సిగ్గే, మిగతా సగం ఆ పొగ వాసన. ఈసారి బిగబట్టను.

చదవగానే ఈ ఉత్తరం కాల్చేయండి. పక్కగది వాళ్ళని అగ్గిపుల్ల ఒక్కటే అడగండి.

ఇట్లు, మీ పిచ్చుక